రాజు వేషం కట్టిన ఇంటాయన

మొన్న కేతేపల్లిలో ఒక పెళ్లికి పోతే, డీజే మోత ఆగిన కాసేపట్లో పందిరి వెనక ఎవరో హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటున్నారు. విస్తరి ముందు నా చెయ్యి అట్లాగే ఆగిపోయింది. పక్కనున్న మా ఆడబిడ్డ పప్పులో ఉప్పు తక్కువైందేమో అనుకుని ఉప్పు జరిపింది. ఆ ఒక్కసారికి ఆమెతో వాదన పెట్టుకోలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నల్లగొండలో నేను కిరాయికున్న ఇంట్లో పొద్దస్తమానం ఆ చప్పుడే. పేరుకు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని గానీ, మనసంతా నాటకాల్లో రాణి వేషం మీదే. పక్క గదిలో హార్మోనియం పంతులు, మేడ మీద డోలక్ వాయించే తమ్ముడు. పిలిచే ఊళ్లు తగ్గిపోయి, మా ముగ్గురి కళ, కింది గదిలో కిరాయికుండి డబ్బులకు వండిపెట్టే అక్క పప్పుచారు మీదే బతుకుతుండేది. అటువంటప్పుడు ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన వచ్చి, దసరా దాటగానే ఇల్లు కూలగొట్టి దుకాణాలకు షట్టర్లు కడతానన్నాడు. మాకైతే ఎక్కడో ఒక గది దొరికేది. అక్కకు ఆ పొయ్యే బతుకు. నేను పోయి ఆయనతో గంటసేపు న్యాయం మాట్లాడి వచ్చాను. దాంతో దసరా గడువు కాస్తా ఇంకా ముందుకొచ్చి వినాయక చవితికే పడింది.

ఇక నన్ను నోరు తెరవొద్దని చెప్పి పంతులే బయల్దేరాడు. మా వైపు నాటకమంటే వేషాలు ఊరివాళ్లే కడతారు. పంతులు నెలల తరబడి నేర్పుతాడు. మొదలుపెట్టిన వేషం ఆడకుండా వదిలేస్తే నలుగురిలో తలవంపు. పంతులు దాన్నే నమ్ముకున్నాడు.

"సేటూ, రాజు వేషానికి మీ అసొంటి నిలువెత్తు మనిషి దొరుకుతలేడు. జర ఆలోచన చేయిండ్రి," అన్నాడట.

ఇంటాయన అద్దంలో చూసుకున్నాడని విని, సగం ఇల్లు దక్కిందనుకున్నాం. నేర్పేది మా ఇంట్లోనే కాబట్టి చవితీ పోయింది, దసరా పోయింది. పంతులు ఏ పద్యమూ పూర్తి కానివ్వలేదు. పైగా ఆయన్ని నొప్పించకూడదని, ఆయన గొంతు ఎటు జారితే అటు హార్మోనియం మెట్లు మార్చుకుంటూ పోయాడు. శ్రుతి అనేదొకటి ఉంటుందని ఆయనకు తెలియనే లేదు. చివరికి ఆయనే, శివరాత్రి జాగారానికి మర్రిగూడ దగ్గర తన సొంతూళ్లో ఆట పెట్టించాడు.

అక్కడ, సొంతవాళ్ల ముందు పరువు పోతే, తెల్లారి మా ఇంటి మీదికి గడ్డపారలొస్తాయి. మొదటి పద్యానికే రాజు శ్రుతి వదిలేశాడు. పంతులు వేళ్లు పరుగెత్తాయి, తమ్ముడు డోలక్ మోతతో అతుకులు వేశాడు. రాణిని కదా, ఆయన ఎన్ని మెట్లు దిగితే నేనూ అన్ని దిగాను. చుట్టాలంతా లేచి మళ్లీ పాడమన్నారు. మళ్లీ పాడాడు, ఇంకో శ్రుతిలో.

తెల్లారి ముఖాన రంగుతోనే వచ్చి అక్క వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. "ఆలేరోళ్లు గూడ పిలుస్తున్రు. గీ ఇల్లు కూలగొడితె మనం యాడ నేర్సుకోవాలె?" అని మమ్మల్నే గదమాయించాడు. అక్క ఇంకో గరిటె పప్పు వేసి, గోడవైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ వీధంతా ఇప్పుడు షట్టర్లే. ఆ ఇల్లు మాత్రం నిలిచి ఉంది. కాలంతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు, నేనూ గెలవలేదు. ఏదో ఒక వేషమిచ్చి కాసేపు కూర్చోబెడితే మాత్రం, అదీ కూర్చుంటుంది.