చేదాకు తిన్న పురుగులు

పట్టుపురుగుల గదిలో పందొమ్మిదేళ్ళుగా తట్టలు కడిగీ కడిగీ ఆమె తట్టలమ్మ అయిపోయింది. పురుగులు మల్బరీ ఆకు కొరుకుతుంటే కొత్త బట్ట మడతలు విప్పుతున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కాస్త పలచబడినా చాలు, ఆమె మెడ అటు తిరుగుతుంది.

మల్బరీ తోటను పిండినల్లి తెల్లగా కమ్ముకున్న ఏడాది, కంచె మీది చేదాకు నూరి కషాయం చల్లి చూద్దామన్నది ఆమే. నల్లి రాలిపోయింది. కానీ ఆ కషాయం పడ్డ మల్బరీ ఆకు తిన్న పురుగు బతకాలి కదా. గది బాధ్యత చూసే పరిశోధకురాలు రెండు తట్టలు పెట్టించింది. ఒకదానికి కషాయంలో ముంచిన ఆకు, రెండోదానికి మామూలు ఆకు. నాలుగో రోజుకి మొదటి తట్టలో సగం పురుగులు నల్లబడి మెత్తగా వాలిపోయాయి.

"నీ చేదాకు విషమే తట్టలమ్మా. సోమవారం అలాగే రాసి పంపేస్తాను."

ఆ కాగితం వెళితే ఏ తోటలోనూ చేదాకు చల్లనివ్వరు. ఈ గదిలో తట్టలమ్మ మాటకూ ఇక విలువుండదు.

ఇంట్లో మొగుడు నవ్వాడు. "నయం, ఆ వైద్యం నాకు చెయ్యలేదు."

"నువ్వు రాళ్ళు తిన్నా అరిగించుకుంటావులే."

మర్నాడు పురుగులు చచ్చిన తట్ట కడగబోతే, అడుగున మిగిలిన ఆకు వేళ్ళకి చల్లగా అంటుకుంది. కషాయం ఆవిరైపోతుందని పరిశోధకురాలు ఆకును ఆరనివ్వకుండానే పురుగులకి పెట్టించింది. తడి ఆకు పురుగు కడుపుకి పడదు. ఆ సంగతి తట్టలమ్మకి ఒకరు చెప్పాలా?

"మేడమ్, ఆ కాగితం కొన్నాళ్ళు ఆపండి. ఇంకో మూడు తట్టలు పెడదాం. కషాయం ఆకు ఆరబెట్టి ఒకటి. ఉత్త నీళ్ళలో ముంచి, తడిగానే ఒకటి. మామూలుది ఒకటి."

"నీళ్ళు కూడా విషమంటావా?"

"నేననడం ఎందుకు, పురుగునే అడుగుదాం."

"మళ్ళీ చస్తేనో?"

"ఆ కంచె నేనే నరికేస్తాను."

నాలుగో రోజుకి నీళ్ళ తట్టలో సగం వాలిపోయాయి. చేదాకు తట్ట మాత్రం ఈనె కూడా మిగల్చకుండా తింది. మామూలు తట్టతో సమంగా పెరిగింది. తర్వాతి వారం ఆ రెండు తట్టల పురుగులూ తలలెత్తి, గాలిలో ఏదో రాస్తున్నట్టు ఊగుతూ, తెల్లని గూళ్ళలోకి మాయమయ్యాయి. పరిశోధకురాలు పాత రిపోర్టు నిలువునా చించింది.

గూళ్ళ తట్టను తట్టలమ్మ రొమ్ము ఎత్తున పట్టుకుని వరండాలోకి తెచ్చింది. కబురు విని వచ్చిన మల్బరీ రైతులు మూగారు.

"చల్లాక ఎంతసేపు ఆగాలండీ?" ఒకాయన పరిశోధకురాలిని అడిగాడు.

"నన్నెందుకు, ఆవిడనడగండి."

అందరి మొహాలూ ఇటు తిరిగాయి.

"ఆకు బాగా ఆరేదాకా," అంది తట్టలమ్మ. "తొందరపడితే పురుగు ఒప్పుకోదు."