భాగ్యలక్ష్మి బోనం, ఫోన్ డాక్టరు చీటీ

మామిడిపల్లి భాగ్యలక్ష్మి పదకొండేళ్లుగా విమానాలకు అన్నం పంపుతోంది. తను మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎయిర్‌పోర్టు పక్కనున్న పెద్ద వంటశాలలో ఆమెది పెరుగన్నం బల్ల. ఆరుగురు ఆడవాళ్లు తలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకుని, చిన్న చిన్న కప్పుల్లో పెరుగన్నం నింపి పైన దానిమ్మ గింజలు వేస్తారు. కప్పుకు నాలుగు గింజలని లెక్క. ఎవరూ చూడనప్పుడు భాగ్యలక్ష్మి ఐదోది కూడా వేస్తుంది. ఏ తల్లి కన్న బిడ్డ తింటడో, ఎంత ఆకలి మీద ఉన్నడో అంటుంది. పొద్దున బల్ల దగ్గర నిలబడగానే కళ్లు మూసుకుని పోచమ్మ తల్లిని తలుచుకున్నాకే గరిటె పడుతుంది.

ఆ శ్రావణంలో ఆమెకు ఒక చిక్కు వచ్చిపడింది. వాళ్ల వాడకట్టులో పోచమ్మకు మొదటి బోనం వాళ్లింటిదే. ముప్పై ఏళ్లు ఆ బోనం ఎత్తినది అత్త దుర్గవ్వ. ఈసారి మాత్రం ఆమె పెద్దమనుషుల ముందు నవ్వుతూ చేతులెత్తేసింది. తన మోకాళ్లు తననే మోస్తలేవు, ఇగ బోనమేం మోస్తయని, తన కోడలు ఎత్తుకుంటదని మాట ఇచ్చి వచ్చింది. కోడలు రాకపోతే మొదటి బోనం వేరే ఇంటికి పోతుంది. దుర్గవ్వ మాట నలుగురిలో నీళ్లపాలవుతుంది.

బోనాలు ఆదివారం. వంటశాలలో ఆదివారం సెలవు బల్లకు ఇద్దరికే. చీట్లు వేస్తే భాగ్యలక్ష్మి పేరు రాలేదు. శుభ్రత చూసే ఆఫీసరు ప్రేమలత మేడంను అడిగి చూసింది. మేడం రాజమండ్రి వైపు మనిషి, మాట మెత్తన, రూలు గట్టి. ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలండీ అంది.

శనివారం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పక్కింటి సునీత గోడ మీదుగా సంగతి అడిగింది. సునీత శంషాబాద్‌లో ఒక గోదాములో డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తుంది.

"గిదానికి పరేషాన్ ఎందుకు వదినా? ఫోన్ల డాక్టరున్నడు గద. మోషన్స్ అని చెప్పు, చీటీ ఇస్తడు. మా దగ్గర అందరు గదే చేస్తరు."

గోదాములో ఆ చీటీ చెల్లుతుంది. డబ్బాలకు రోగాలు అంటవు. వంటశాల సంగతి వేరన్నది భాగ్యలక్ష్మికి ఆ క్షణంలో తట్టలేదు. కడుపు చెడితే అన్నం ముట్టరాదని అక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. రోజూ చూసే గోడ కదా, చదవడం మానేసి చాలా ఏళ్లయింది.

ఇంటి వెనక బాత్రూం పక్కన నిలబడి ఫోన్ కలిపింది. కళ్లద్దాల కుర్ర డాక్టరు తెర మీదికి వచ్చి ఎప్పటి నుంచని అడిగాడు. పొద్దుగాల నుంచని చెప్పింది. ఎన్నిసార్లని అడిగాడు. ఆ ప్రశ్న వస్తుందని సునీత చెప్పలేదు. నోటికొచ్చినట్టు పన్నెండు అనేసింది.

డాక్టరు సర్దుకుని కూర్చున్నాడు. నాలుక చూపించమన్నాడు. చేతి మీది చర్మం పట్టి వదలమన్నాడు. అది రబ్బరులా టక్కున సర్దుకుంది. ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషికి అలా సర్దుకోదు.

"పన్నెండా అమ్మా?"

"అంటే... నాలుగు సార్."

డాక్టరు పన్నెండు కొట్టేసి నాలుగు అని రాసుకున్నాడు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ఎలా తాగాలో నిదానంగా చెప్పాడు. ఇంట్లో చూసుకునేవాళ్లు ఉన్నారా అని అడిగాడు. కళ్లు తిరిగితే ఫోన్ కోసం చూడకుండా దవాఖానకు పొమ్మన్నాడు. రాత్రి ఎనిమిదింటికి తనే ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు. ఇంత మంచిగా మాట్లాడకుండా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది భాగ్యలక్ష్మికి.

రెండు రోజుల విశ్రాంతి అని చీటీ వచ్చింది. దాన్ని డ్యూటీ గ్రూపులో పెట్టింది. ఐదు నిమిషాలు కాకుండానే ప్రేమలత మేడం ఫోన్.

"భాగ్యలక్ష్మి గారూ, పొద్దున్నుంచి అని రాశారు. పొద్దున్నుంచి మీరు పెరుగన్నం బల్ల దగ్గరే ఉన్నారు కదండీ?"

అప్పుడు గుర్తొచ్చింది గోడ మీది రాత. మేడం ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. భాగ్యలక్ష్మి చెయ్యి పడిన ఆరు వందల కప్పులు కోల్డ్ రూములో ఉన్నాయి. సాయంత్రం ఏడింటికి విమానాలెక్కాలి. ఇప్పుడు అన్నీ పారబోయాలి. బల్ల మీది మిగతా ఐదుగురికీ పరీక్షలు చేయించాలి, రిపోర్టులు వచ్చేదాకా వాళ్లెవరూ లోపలికి రాకూడదు.

కింద పడిన మెతుకును ఏరి కళ్లకద్దుకునే మనిషి భాగ్యలక్ష్మి. ఆరు వందల కప్పులు చెత్తడబ్బాలో పడటం కళ్ల ముందు కనబడింది. నిజం చెబితే బోనం పోతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. అయినా చెప్పేసింది.

"మేడం, పారబొయ్యకుండ్రి. నాకేం కాలే. అబద్ధం చెప్పిన. రేపు మా పోచమ్మ బోనాలు."

మేడం వెంటనే నమ్మలేదు.

"అన్నం పోతుందని ఇప్పుడు అబద్ధం చెప్తున్నారో, సెలవు కోసం అప్పుడు చెప్పారో నాకెలా తెలుస్తుందండీ?"

మేడం అన్నదీ న్యాయమే. భాగ్యలక్ష్మి తల పట్టుకుని ఆలోచించింది. వంట హాల్లోంచి కాలు బయట పెడితే గౌను విప్పి దర్వాజ దగ్గరి బుక్కులో టైమూ సంతకమూ పెట్టాలి. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని మళ్లీ పెట్టాలి. మంచినీళ్లకు పోయినా తప్పదు.

"దర్వాజ కాడి బుక్కు చూడుండ్రి మేడం. రోగముంటే ఎన్నిసార్లు బయటికి ఉరుకుదును? అన్నం తినేటందుకు ఒక్కసారే వచ్చిన."

చూసి చెప్తానని మేడం ఫోన్ పెట్టేసింది. వెనక్కి తిరిగితే దుర్గవ్వ నిలబడి ఉంది. చేతినిండా బోనం కుండకు పూసే పసుపు. మొత్తం విన్నది.

"అమ్మకు పెట్టే బువ్వ వేరు, మనుషులకు పెట్టే బువ్వ వేరా బిడ్డా? మంచిగ చెప్పినవ్. నువ్వు రేపు పనికి పో. బోనం నేనే ఎత్తుకుంట."

అంటూనే గోడ పట్టుకుని నెమ్మదిగా అరుగు మీద కూలబడింది ఆ తల్లి. కోడలు ఆమె మోకాళ్ల వైపు చూసి కళ్లు తుడుచుకుంది.

పది నిమిషాల తర్వాత మేడం మళ్లీ చేసింది. బుక్కు చూశామని, కెమెరా కూడా చూశామని, బయటికి వెళ్లింది ఒక్కసారేనని చెప్పింది. కప్పులు బండి ఎక్కుతున్నాయి. భాగ్యలక్ష్మి అక్కడికక్కడే నేలకు దండం పెట్టింది.

"కానీ రూలు రూలేనండీ. నిజమైనా అబద్ధమైనా ఆ జబ్బు పేరు చెప్పినవాళ్లను రెండు రోజులు అన్నం దగ్గరికి రానివ్వకూడదు. రేపు మీరు రావద్దు. మంగళవారం మల పరీక్షకు శాంపిల్ తీసుకుని మన డిస్పెన్సరీకి రండి. హెచ్చరిక లెటర్ కూడా ఉంటుంది."

రేపు రావద్దన్న మాట భాగ్యలక్ష్మి చెవులకు ఎక్కడానికి కొంత సేపు పట్టింది. మేడం గొంతు తగ్గించింది. "మా ఊళ్లోనూ అమ్మవారి జాతర అవుతుందండీ. వెళ్లి ఎనిమిదేళ్లయింది. రేపు దణ్ణం పెట్టుకునేటప్పుడు నా పేరు కూడా చెప్పండి."

తన పని పంచుకోవాల్సిన బల్ల మీది అరుణకు భాగ్యలక్ష్మే ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంది. అరుణ నవ్వీ నవ్వీ దగ్గింది.

"పన్నెండా అక్కా? మా బర్రెకు గూడ గన్ని గావు."

ఎనిమిదింటికి డాక్టరు అన్న మాట ప్రకారం చేశాడు. నిజం చెప్పి, చీటీ రద్దు చేయమని వేడుకుంది. అయితే మీరు బాగున్నారన్నమాట, అదే చాలన్నాడు. ఇంకోసారి ఇలా చెయ్యొద్దమ్మా, నిజంగా జబ్బు పడ్డవాళ్ల మాటను కూడా జనం నమ్మరన్నాడు. ఆ మాట ఆమె మనసులో నిలిచిపోయింది.

ఆదివారం డప్పుల ముందు వాడకట్టు మొదటి బోనం కదిలింది. పసుపు కాళ్లతో, వేపమండల మధ్య దీపం ఆరిపోకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది భాగ్యలక్ష్మి. దుర్గవ్వ గుడి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, జర చూసుకుంట నడువు, జర చూసుకుంట నడువు అని ఆఖరి దాకా అంటూనే ఉంది. తల్లి ముందు బోనం దించి ఇంటివాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, ప్రేమలత మేడం పేరు చెప్పింది. చీటీలో చదివిన డాక్టరు పేరూ చెప్పింది. ఎప్పుడూ లేనంత పొడుగైంది ఆ దండం.

మంగళవారం వంటశాల గేటు దగ్గర ఆమె చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో అందరికీ తెచ్చిన ప్రసాదం, ఇంకోదాంట్లో డిస్పెన్సరీకివ్వాల్సిన చిన్న డబ్బా. బోనాల సంగతి విని ఉన్న సెక్యూరిటీ లక్ష్మణ్ భక్తిగా చెప్పులు విప్పి, కుడిచెయ్యి చాపి, దగ్గరున్న సంచి అందుకోబోయాడు.

భాగ్యలక్ష్మి గబుక్కున ఒక అడుగు వెనక్కి వేసింది.

"అన్నా, అది గాదు. ఈ సంచిల ఉన్నది ప్రసాదం."