బండికి రేకు గూడు

మా గూడుబండిని చూడటానికి కలెక్టరుగారు కారాపి దిగారని ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. అది నిజం కాదు. ఆగింది ఏదో ఆఫీసు జీపు, అదీ టైరులో గాలి పోయి. డ్రైవరు మా వైపు ఒకసారి తలతిప్పి చూసిన మాట మాత్రం వాస్తవం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా పల్లె నుంచి ఎప్పుడు పట్నానికి వెళ్లినా రోడ్ల మీద తళతళలాడే మోటార్లే. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఇంటికొచ్చి మా బండిని చూస్తే ఏడుపొచ్చేది. వెదురు బద్దల గూడు, దాని మీద చాప. ఆ చాపను ఎలుకలు కొరికేసి, వానలు నానబెట్టి పీలికలు చేశాయి. వేసవిలో మంత్రాలయం వెళ్లాలంటే పైకప్పు మార్చక తప్పదు. మా అమ్మకు ఉబ్బసం. రాఘవేంద్రస్వామికి మొక్కుకుని మూడేళ్లయినా ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. బస్సెక్కితే పెట్రోలు వాసనకే ఆమెకు ఊపిరాడదు. వెళ్తే బండిలోనే వెళ్లాలి.

మా నాయన కొత్త చాప వేయిద్దామన్నాడు. నేను రేకు కొట్టించి నీలం రంగు వేయిద్దామన్నాను.

"రేకేందప్పా? మనుషులు కూచునేదానికా, రొట్టెలు కాల్చేదానికా?"

"పట్నంలో మోటార్లన్నీ రేకే గదా నాయనా. వానకు తడవదు, ఎలకలు కొట్టవు."

"మోటారు ఉరుకుతాది, గాలి తగులుతాది. మన ఎద్దులు ఉరుకుతాయేమి?"

రెండు రోజులు ఇదే గొడవ. చివరికి ఆయనే విసిగిపోయి, "కూచునేది మీయమ్మ. ఆమె ఏదంటే అదే. పోయి అడుగు పో" అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. "చాపే ఏపించు అబ్బీ. సందుల్లోంచి గాలొస్తాది. నాకు గాలుంటే చాలు" అంది.

నేను బయటికొచ్చి, "అమ్మ రేకే కావాలంటాంది" అన్నాను.

అమ్మ అరమనసుతో సరేనందని తర్వాతి కాలంలో ఒకరిద్దరికి చెప్పాను. అదీ అబద్ధమే. ఆమె అన్నది పైన రాసిన మాటే.

నాయన ఒకసారి నా మొహం చూసి, రేకుకు డబ్బులు తీసిచ్చాడు. పట్నంలో ట్రంకుపెట్టెలు చేసే సాయిబు కూడా కొలతలు తీసుకుంటూ నసిగాడు. "పెట్టెలో గుడ్డలు పెడ్తారు భాయ్, మనిషిని పెడ్తారా? జర సోంచాయించు." నేనేమీ ఆలోచించలేదు. రంగు ఆరేదాకా అక్కడే నిలబడి, ఎండకు మెరుస్తున్న బండిని తోలుకుంటూ బజారు మధ్యగా ఇంటికొచ్చాను.

అమ్మ బయటికొచ్చి చూసింది. రేకును అరచేత్తో ఒకసారి తడిమి, చెయ్యి తీసేసుకుంది.

ఎండాకాలంలో మా వైపు బండ్లు రాత్రిళ్లు నడుస్తాయి. పగలు చెట్ల కింద ఆగుతాయి. నేను దొంగల భయమని చెప్పి పగటి ప్రయాణం పెట్టించాను. నిజానికి దొంగలూ లేరు, భయమూ లేదు. చీకట్లో పోతే నా నీలం రంగు ఎవరికి కనబడుతుంది?

కోడుమూరు దాటేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నేను బండి ముందు తొట్లో కూచుని తోలుతున్నాను, నాయన ఎద్దుల పక్కన నడుస్తున్నాడు. లోపల అమ్మ ఒక్కతే. చాలాసేపటి నుంచి దగ్గు కూడా వినబడలేదని వెనక్కి తిరిగి చూస్తే, గూడు వెనక సందులోంచి మొహం బయటికి పెట్టి నోటితో గాలి లాగుతోంది. పెదాలు నల్లబడ్డాయి. తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ నాయన రేకు మీద పోస్తే చుయ్యిమని ఆవిరి లేచింది. ఇద్దరం ఆమెను దించి వేపచెట్టు కింద పడుకోబెట్టాం. పొద్దు వాలేదాకా ఆ ఊపిరి కుదుటపడలేదు.

"నాతో కాదు. బండి మళ్లించండి" అంది మెల్లగా.

నాయనకు భయం వేస్తే కోపమొస్తుంది. "నువ్వే గదా రేకు కావాలన్న్యావు! చాపంటే ఇన్న్యావా?" అని అరిచాడు.

అమ్మ ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ఎద్దు మెడలోని పలుపును, ముడి బాగానే ఉన్నా, విప్పి మళ్లీ కడుతున్నాను.

"అవు, నాదే తప్పు" అంది. "రంగు బాగుంటాదనుకుంటి."

ఇంటికొచ్చిన మర్నాడే నాయన రేకులు పీకేసి చాప వేయించాడు. కానీ అమ్మకు మళ్లీ బండెక్కే శక్తి రాలేదు. శ్రావణంలో పోయింది. ఆ రెండు మూడు నెలల్లో మేమిద్దరమే ఉన్న క్షణాలు ఎన్నో వచ్చాయి. ఆమె ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మరుసటేడు నాయనా నేనూ మంత్రాలయం వెళ్లి ఆమె మొక్కు తీర్చాం. తుంగభద్రలో మునిగి, మెట్ల మీద తడిపంచె పిండుకుంటూ ఆయన అన్నాడు: "ఈడికి తేలేకపోతిమి. పోనీలే. ఆమె అడిగిన కాడికి చేసినాం గదప్పా. ఆ తృప్తి ఉండాది."

చెప్పేయాలని నోరు తెరిచాను. ఆయన నావైపు చూస్తున్నాడు, నేను ఔననాలని.

"అవు నాయనా" అన్నాను.