రిపోర్ట్ రాకముందు

ఈ ఉదయం షాద్‌నగర్ బస్సులో నా పక్కన కూర్చున్నావిడ గ్యాస్ మందు సీసా మూత తీసింది. ఆ పుదీనా వాసనకు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. సుజాతక్క హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ అదే వాసన.

ఆఫీసులో ఆమె మా టీమ్ లీడ్, సుజాత మేడం. బస్సెక్కితే అక్క. అమెరికా డాక్టర్లు రోగుల చార్టుల్లో రాసిన నోట్సు చదివి, రోగానికో లక్షణానికో సరైన కోడ్ పెట్టడం మా పని. పరీక్ష ఎందుకు చేశారో ఇన్సూరెన్సు వాళ్లకు ఆ కోడే చెబుతుంది. ఫోన్ మోగితే చాలు, ఎవరికో ఏదో అయిందనుకునే మనిషిని నేను. చేరిన కొత్తలో ప్రతి చార్టూ నాకు గండమే. తప్పులు పెరిగితే ఇంటికి పంపేస్తారని అన్నం సహించేది కాదు. ఒకసారి కడుపులో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని డాక్టరు పరీక్ష రాస్తే, నేను ఏకంగా ఇన్‌ఫెక్షన్ కోడే పెట్టేశాను. అక్క వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

"డాక్టర్ అనుమానమన్నడు. నువ్వు ఉన్నదనే తేల్చినవ్. రిపోర్ట్ వచ్చిందా?"

"లేదు మేడం. గదే అయ్యుంటదని..."

"అయ్యుంటది అనేటిదానికి కోడ్ లేదు. ఆ రోగి ఏమన్నడు? పొట్ట పైన నొప్పి అన్నడు. గదే రాయి. లేని రోగం ఆయన కాగితాలల్ల ఎక్కొద్దు."

తిట్టినా ఆ మాట నాకు ఊరటనిచ్చింది. తెలిసినంతవరకే రాయాలి, భయపడినంత కాదు.

రెండేళ్ల తర్వాత ఆమే బస్సులో డొక్క కింద చెయ్యి అదిమి పట్టుకోవడం చూశాను. అడిగితే "గ్యాసే చెల్లె" అని నవ్వేసేది. మా వైపు కడుపులో ఏమొచ్చినా గ్యాసే. నాకు ఒళ్లు మండింది.

"మేము గ్యాస్ అని రాస్తే చార్ట్ మొకాన కొడ్తవు. నీకు మాత్రం గ్యాసే సరిపోతదా అక్కా?"

ఆ శనివారమే అక్క దవాఖానకు వెళ్లింది. నోట్లోంచి గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. "ఫికర్ చెయ్యకు, రిపోర్ట్ రాలే. అప్పటిదాంక నాకున్నది నొప్పే," అని ఆమే నాకు ధైర్యం చెప్పేది. ఆమె టిఫిన్ డబ్బా మాత్రం మూత తీయకుండానే ఇంటికి తిరిగి వెళ్లేది.

రిపోర్ట్ ఫోన్‌కు వచ్చేసరికి ఇద్దరం బస్టాండులో ఉన్నాం. తాను చూడలేక ఫోన్ నా చేతిలో పెట్టింది. మొదటి వాక్యానికే కోడ్ గుర్తొచ్చింది. ముక్కూ మొహం తెలియని ఎంతమంది పేర్ల పక్కనో పెట్టిన కోడ్. ఆమె నా ముఖం చూసింది.

"ఇగ రాయొచ్చు గదా చెల్లె," అంది.

అక్క పోయి నాలుగేళ్లు. ఆ కోడ్ పెట్టాల్సిన చార్టు వస్తే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది. నోట్సు మళ్లీ మొదటినుంచి చదువుతాను. రోగి వెంట ఎవరైనా వచ్చినట్టు డాక్టరు రాశాడేమోనని వెతుకుతాను. రాసి ఉంటే కొంచెం ప్రాణం కుదుటపడుతుంది.