నాలుగో బెడ్డు ఇన్సులిన్

మందుల పుస్తకం మొత్తం కంఠతా వచ్చినా సరే, ఆ మందు ఎవరికిస్తున్నావో తెలియకపోతే నువ్వు నర్సువి కాదు. ఈ ముక్క నా నర్సింగ్ స్టూడెంట్లకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది. పేషెంటు పేరు మీరు చెప్పి "నువ్వేనా?" అనొద్దు, ఆవిడ నోటితోనే చెప్పించండి అంటాను. బుద్ధిగా రాసుకుంటారు. తీరా వార్డులోకి వెళ్ళేసరికి అక్కడి సిస్టర్లు "నాలుగైందా? ఐదు సూడు! బేగి కానీండి!" అని బెడ్డు నంబర్లతో తరుముతుంటే నా పాఠం కాస్తా గాలికి పోతుంది.

మొన్న వేసవిలో మా నర్సీపట్నంలోనే ఒక ఆసుపత్రికి పిల్లల్ని డ్యూటీకి తీసుకెళ్ళాను. ఆడవాళ్ళ వార్డులో నాలుగో బెడ్డు మీద ఫ్యాను తిరగదు. ఆ బెడ్డు ఎస్. రాయవరం నుంచి వచ్చిన షుగరు పేషెంటుది. ఉక్క భరించలేక ఆవిడ ఏం చేసిందంటే, ఎదురుగా ఫ్యాను కింద జ్వరంతో పడుకున్న కొయ్యూరు కొండల మనిషిని లేపేసి ఆ మంచం ఎక్కేసింది. ఆ కొండమనిషి మారుమాట్లాడకుండా వచ్చి నాలుగో బెడ్డు మీద ముడుచుకుంది. ఈ మార్పిడి సంగతి మాకెవరికీ తెలియదు.

టిఫిన్ల వేళ నా స్టూడెంటు ఇన్సులిన్ సిరంజితో నాలుగో బెడ్డు దగ్గరికి వెళ్ళింది. వెనక నుంచి సిస్టర్ కేకలు. కంగారులో ఆ పిల్ల, "షుగరు పేషెంటు నువ్వే కదమ్మా?" అంది. కొయ్యూరు మనిషి తలూపి చెయ్యి చాపింది. పిల్ల దూదితో చర్మం తుడిచింది.

అప్పుడే ఫ్యాను కింద నుంచి గొంతు వినిపించింది. "ఏటండీ, ఇయ్యాల నాకు సూదెయ్యరా? ఇడ్డెన్లు సల్లారిపోతన్నాయి!"

"ఆగు!" అని అరిచి, పక్క బెడ్డు దగ్గర్నుంచి ఉరికి పిల్ల మణికట్టు పట్టుకున్నాను. సూది ఇంకా గుచ్చలేదు. జ్వరంతో ముందురోజు నుంచీ ముద్ద ముట్టని మనిషికి ఇన్సులిన్ పడితే ఒంట్లో ఉన్న కాస్త షుగరూ పడిపోతుంది. చెమటలు, ఫిట్సు, ఆపైన స్పృహ ఉండదు. ప్రాణం పోయినా జ్వరంతో పోయిందనుకునేవాళ్ళు, అంతే. అడిగే నాథుడెవడు?

సిస్టర్ తాపీగా వచ్చింది. "ఏటీ అవనేదు కదండీ, ఎందుకింత గోల? ఆళ్ళు మంచాలు మారిపోతే మాదేటి తప్పు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు సూది మంచానికిస్తున్నావా, మనిషికిస్తున్నావా?" అన్నాను. సిస్టర్ ట్రే పట్టుకుని ఐదో బెడ్డుకి పోయింది.

ఆ కోపం ఎటు పోతుంది? కొయ్యూరు మనిషి మీద విరుచుకుపడ్డాను. "నీకు షుగరు నేదు కదా! మరి ఊఁ అన్నావేటి? నోట్లో నాలుక నేదా? ఆ సూది పడుంటే సచ్చిపోదువు! సచ్చిపోయినా పరవానేదేటి నీకు?"

చాపిన చెయ్యి ఇంకా వెనక్కి తీసుకోలేదు. బెదురుగా నా మొహంలోకి చూసి, దానికీ తలూపింది.