ఎడమచేతి దేవదూతలు

ఎనభైల మొదట్లో అమెరికాలో, పిస్కాటవేలో కెమికల్ ఇంజనీరింగ్ సగంలో వదిలేసి, యూరప్ రినైజాన్స్, అంటే పునరుజ్జీవన కాలపు చిత్రకళ చదవడానికి చేరాను. ఇంజనీరింగ్‌కి పెద్ద నష్టమేమీ జరగలేదు. ఊళ్ళో తెలుగువాళ్ళకి మాత్రం కబుర్ల కరువు తీరింది.

అందరిలోకీ ఎక్కువ పనిచేసింది మా డాక్టరుగారి నోరు. ఒకసారి వాళ్ళింట్లో భోజనాల దగ్గర, అందరి ఎదుటా నా ప్లేట్లో పప్పు వడ్డిస్తూ, "రినైజాన్స్ అంటే పునర్జన్మటండీ. మనవాడు పై జన్మకి సెటిలైపోయాడు. ఈ జన్మకే, పాపం, జాబ్ లేదు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పప్పు ఆయనది మరి. ఆ పప్పు నాకు చాన్నాళ్ళు అరగలేదు.

ఆ వేసవిలో ఆయన భార్యతో యూరప్ టూర్ వెళ్ళొచ్చారు. అప్పట్లో ఎవరు ఎక్కడికెళ్ళొచ్చినా అందరినీ భోజనానికి పిలిచి, లైట్లార్పి, గోడమీద స్లైడ్లు చూపించడం మర్యాద. నిద్రపోకుండా చూడడం అతిథుల మర్యాద. మ్యూజియంలలో కొన్న పెయింటింగుల స్లైడ్లూ, తాము తీసుకున్న ఫొటోల స్లైడ్లూ కలిపి ఆయన నా చేతిలో పెట్టారు.

"నీ బొమ్మల చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చిందోయ్. ప్రొజెక్టర్ నువ్వు చూసుకో. మాట్లాడేది నేను."

స్లైడు వెనకవైపు ముందుకి తిప్పి పెడితే గోడమీద బొమ్మ అద్దంలోలా పడుతుంది, కుడి ఎడమవుతుంది. ఒక్కోదాన్నీ దేవుడికి పువ్వు పెట్టినంత శ్రద్ధగా తిప్పి పెట్టాను.

మొదటి బొమ్మలో దేవదూత ఎడమచేతితో దీవించాడు. డాక్టరుగారు రంగుల గురించి మాట్లాడుతున్నారు. రెండో బొమ్మలో విందు. అందరూ ఎడమచేతితోనే రొట్టె తింటున్నారు. గుంటూరు నుంచి వచ్చి కూతురి దగ్గరుంటున్న ఆయన అత్తగారు ఇక ఊరుకోలేకపోయారు.

"అదేవిటి బాబూ, ఎడంచేత్తో తింటున్నారు?"

తెలియదనడం డాక్టరుగారికి అలవాటు లేదు. "రినైజాన్స్ అంటే అదేనండీ అత్తయ్యగారూ. పాత ఆచారాలన్నీ తిరగేశారు."

"ఇప్పటికీ అక్కడ అంతేనాండీ?" అని వినయంగా అడిగాను.

"అంతే. నేను కళ్ళారా చూశాగా."

బటన్ నొక్కాను. తరవాతి స్లైడు ఆయనదే. ఒక కొట్టు ముందు నిలబడి భార్యకి ఐస్‌క్రీం తినిపిస్తున్నారు, ఎడమచేత్తో.

"మీరూ ఆచారం మార్చేశారా అన్నయ్యగారూ?" అని చీకట్లోంచి ఎవరో అన్నారు.

"చాల్లెండి, నాకు ఎడంచేత్తో ఎందుకు పెడతారు?" అంది ఆయన భార్య. "ఆ కొట్టు బోర్డు చూడండి, అక్షరాలన్నీ తిరగబడున్నాయి. స్లైడ్లే తిరగేసి పెట్టినట్టున్నారు."

పప్పు నాటి నవ్వుకంటే ఈ నవ్వు పెద్దది. ఈసారి నేను నవ్వలేదు. లైటు వేసి డాక్టరుగారు నా వైపు తిరిగారు.

"ఏంటోయ్ ఇది?"

"సారీ అండీ. మెషీన్లు నాకు సరిగ్గా రావు. ఇంజనీరింగ్ సగంలోనే వదిలేశాను కదా."

అత్తగారు సోఫాలో సర్దుకు కూర్చున్నారు. "అబ్బాయ్, మళ్ళీ సరిగ్గా పెట్టి, ఈసారి నువ్వే చెప్పు."

స్లైడ్లన్నీ సరిచేసి, ప్రొజెక్టర్ తీగ చివరి బటన్ డాక్టరుగారి చేతికిచ్చాను. మాట్లాడేది నేను. అరగంటకి అత్తగారితో సహా సగంమంది నిద్రపోయారు. నా ఉపన్యాసాలు అప్పుడూ అంతే. డాక్టరుగారు మాత్రం, నేను తలూపినప్పుడల్లా బటన్ నొక్కుతూ, చివరిదాకా మెలకువగా ఉన్నారు.

నాకు కావలసింది ఆయన ఒక్కరే.