నొప్పి అంటే?

పళ్ల డాక్టర్ల కాలేజీలో నీతిశాస్త్రం చెప్పే మాష్టారు ఏ మాట విన్నా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి "అంటే?" అంటారు. "ఆలస్యమైంది, లేవండి" అని భార్య లేపినా "ఆలస్యం అంటే?" అనే అడుగుతారు. ఆవిడ జవాబు చెప్పడం మానేసి దుప్పటి లాగేయడం నేర్చుకుంది. నిన్న దవడ వాచిపోయి, తన పాత శిష్యురాలి దగ్గరికే వెళ్లి కుర్చీలో వాలారు. ఆమె పన్ను మీద చిన్నగా తట్టి, "నొప్పిగా ఉందా మాష్టారూ?" అంది. "అంటే" అనలేదాయన. "ఉంది తల్లీ, చచ్చిపోతున్నా!" అన్నారు. ఆమె తీరిగ్గా మత్తుసూది సిద్ధం చేస్తూ, "ఎదుటివాళ్ల నొప్పి మనకెలా తెలుస్తుందని పరీక్షలో అడిగారు. అడిగితే వాళ్లే చెబుతారని రాశాను. పదికి సున్నా వేశారు," అంది. మాష్టారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, రెండు చేతులూ ఎత్తి పది వేళ్లూ చూపించారు.